దండుగ

తెలుగున ‘దండుగ’ అను మాటకు రెండర్థములు గలవు. నేరము చేసినవానినుండి గైకొను సొమ్ము ఒకటి; వ్యర్థముగా పోయిన వ్యయము రెండవది. మొదటి యర్థము నిఘంటువులకు పరిమితమగుచుండగా, రెండవది జనుల నోట స్థిరపడినది. వేగోల్లంఘనమునకు విధించు చలానాల విషయమున మన పాలకులు ఈ రెండర్థములను ఏకము చేసినారని నా యభియోగము.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 2019లో సవరింపబడినది. దాని 183వ సెక్షను ప్రకారము, వేగపరిమితి దాటిన తేలికపాటి వాహనమునకు 1,000 మొదలు 2,000 రూపాయల వరకును, బస్సులు లారీల వంటి వానికి 2,000 మొదలు 4,000 రూపాయల వరకును జరిమానా. అదే తప్పు మరల చేసినచో లైసెన్సు స్వాధీనమగును. ఇది కఠినమే గాని గ్రుడ్డి చట్టము కాదు. “అతడు వేగముగా పోయినట్లు నాకు తోచినది” అని ఒక్క సాక్షి పలికినంతమాత్రమున ఎవ్వరిని శిక్షింపరాదు; ఆ మాటకు యంత్రపు కొలత ఆధారముగా నుండవలెను. అంతియేకాదు, పరిమితి మీరనిదే చేరలేని గడువు పెట్టి పనివానిని తరిమిన యజమానిపైన ఆ గడువే సాక్ష్యముగా నిలుచును. ఇంత వివేకముతో అల్లిన చట్టమును అంగడి సరకుగా మార్చుట న్యాయమా?

తెలంగాణమున 2022 మార్చిలో పేరుకొనిన చలానాలపై ద్విచక్రవాహనములకు నూటికి 75 వంతులు తగ్గించిరి. 2023 డిసెంబరులో మరల ప్రకటించిన తగ్గింపు 80 వంతులు. వేయి రూపాయల జరిమానా అనుకొందము. చలానా వచ్చిన వారమే చెల్లించినవాడు వేయి యిచ్చినాడు. దానిని మూలబెట్టి ఏండ్లు గడపినవాడు రెండువందలతో బయటపడినాడు. మొదటివానికి ఆ ఎనిమిదివందలు ‘దండుగ’ గాక మరేమి? రెండవవాడు నేర్చిన పాఠము వేగము తగ్గింపుమని కాదు, ఓపిక పట్టుమని!

బీదవాడు ఆటో నడిపి పొట్ట పోసికొనువాడు, వేలకు వేలు ఎట్లు కట్టగలడు అని కొందరందురు. ఆ మాటలో సత్యమున్నది. అట్టివానికి వాయిదాలు ఏర్పరుపవచ్చును. కాని తగ్గింపు కారు గలవానికిని లభించినది గదా! 2023లో కార్లకు లారీలకు సైతము నూటికి 60 వంతులు విడిచిరి. తప్పుడు చలానాలును కలవని మరికొందరి వాదము. అట్లైన దానికి విచారణ యున్నది. నేరము చేయనివాడు ఇరువది వంతులు మాత్రమేల కట్టవలెను? చేసినవానికి ఎనుబది వంతులేల విడువవలెను?

ఉపాధ్యాయ సోదరులకు ఒక మనవి. వేగము రెండింతలైనచో, బ్రేకు నొక్కిన పిదప బండి ఆగుటకు కావలసిన దూరము నాలుగింతలగునని భౌతికశాస్త్ర పాఠమున చెప్పుదురు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు సాగునని గణితమున చెప్పుదురు. ఆ లెక్కను నల్లబల్లమీద విడువక బడిముందరి రోడ్డుమీదికి తెచ్చి చూపుడు. విద్యార్థులు మరొకటి యెరుంగవలెను. మైనరు బాలుడు బండి నడిపి చట్టము నుల్లంఘించినచో, తమ యెరుకలేక జరిగినదని నిరూపింపలేని తండ్రికి గాని బండి యజమానికి గాని మూడేండ్ల వరకు ఖైదును 25,000 రూపాయల జరిమానాయు కలుగవచ్చును. ఆ బాలునికి ఇరువదియైదేండ్లు నిండువరకు లైసెన్సు దొరకదు.

చలానా వచ్చినపుడు తప్పు చేసియున్నచో చెల్లింపవలెను, చేయనిచో ఎదురాడవలెను. ఈ రెండు మార్గములును పౌరునికి గౌరవమే. తగ్గింపు దినమునకై కాచుకొని కూర్చుండుట మూడవ మార్గము. దానిని తెరచినది ప్రభుత్వమే గనుక, మూయవలసినదియు ప్రభుత్వమే.