ముక్తాశబ్ద విచారము: వ్యుత్పత్తి వేరు, చరిత్ర వేరు

ప్రాచ్య కళాశాలలలో తర్కశాస్త్రము నభ్యసించు ప్రతి విద్యార్థియు ‘ముక్తావళి’ని చేత బట్టవలసినదే. విశ్వనాథ పంచాననుడు కారికావళికి తానే రచించిన వ్యాఖ్యకు ‘న్యాయసిద్ధాంత ముక్తావళి’ యని పేరు పెట్టెను. న్యాయసిద్ధాంతములనెడి ముత్యముల పేట యని దాని యర్థము. ఈ పేరులోని ‘ముక్తా’ శబ్దమెచ్చటిదని విద్యార్థి ప్రశ్నించినచో నేడతనికి రెండు సమాధానములు లభించుచున్నవి. వ్యాకరణ పాఠమున అది ముచ్ ధాతువునుండి పుట్టిన శుద్ధ సంస్కృత పదమని చెప్పుదురు. భాషాశాస్త్ర పాఠమున అది దక్షిణదేశ భాషలలోని ‘ముత్తు’నకు సంస్కృతము తొడిగిన వేషమని చెప్పుదురు. ఈ రెండు పాఠములును ఒకే భవనమున, ఒకే దినమున జరుగుచున్నవి. విద్యార్థి ఏ పత్రమునకు ఏ సమాధానము తగునో ఎరిగి, ఆ పత్రమున దానిని వ్రాసి బయటపడుచున్నాడు. అతనికి మార్కులు వచ్చుచున్నవి. కాని ఇద్దరు గురువులలో ఒకరు తప్పు చెప్పుచున్నారన్న భావము అతని మనస్సున నాటుకొనుచున్నది. ఈ భావము శాస్త్రమునకు మేలు చేయునది కాదు. నిజమునకు అది యుక్తమైనదియు కాదు.

మొదట సంప్రదాయ పక్షమును పరిశీలింపవలెను. అమరసింహుడు వైశ్యవర్గమున రత్నములను పేర్కొనుచు ముత్యమునకు మౌక్తికము, ముక్తా యను రెండు పేర్లను చెప్పెను. విడుచుట యను అర్థము గల ముచ్ ధాతువునకు క్తప్రత్యయము, స్త్రీత్వ వివక్షచే టాప్పు చేరగా ‘ముక్తా’ యగును. చిప్పచే విడువబడినది గనుక ముక్తా యని వ్యాఖ్యాతల వివరణము. ముక్తయే మౌక్తికము, వినయాదిగణమున జేర్చి స్వార్థమున ఠక్కును చెప్పుదురు. రూపసిద్ధి విషయమున ఇందు వంక పెట్టుటకు చోటు లేదు. షడ్వింశ బ్రాహ్మణమున ముత్యమునకు ‘విముక్తా’ యను రూపము కానవచ్చుటయు ఈ పక్షమునకు బలము చేకూర్చును. విడువబడినదన్న భావము ఈ శబ్దముతో చాల ప్రాచీనకాలముననే ముడిపడినదని దీనివలన తెలియుచున్నది.

అయినను రూపసిద్ధి కుదిరినంత మాత్రమున అర్థసిద్ధి కుదిరినట్లు కాదు. చిప్ప ముత్యమును విడుచునా? చిప్పలోని మెత్తని శరీరభాగమున పరాన్నజీవియో, అట్టి మరియొక అన్యపదార్థమో ప్రవేశించినప్పుడు, ఆ ప్రాణి తన చిప్ప లోపలి తళుకునకు కారణమైన ద్రవ్యమునే దాని చుట్టును పొరలు పొరలుగా చుట్టుకొనుచు పోవును. అదియే ముత్యము. స్వాతి కార్తెలో పడిన వానచినుకు చిప్పలో ముత్యమగునన్నది కవులు ఆదరించిన భావన. ఎట్లు చూచినను ముత్యమును చిప్ప తనంతట విడుచుట సామాన్యము కాదు. మనుష్యుడు సముద్రమున మునిగి, చిప్పను పైకి తెచ్చి, పగులదీసి దానిని గైకొనుచున్నాడు. విడువబడినదనుటకంటె తీసికొనబడినదనుటయే వాస్తవమునకు దగ్గర. మరియు విడువబడినదెల్ల ముక్తమే యగునెడల విల్లు విడిచిన బాణమును, ముడి విడిన కేశపాశమును ముక్తములే. వానిని విడిచి ముత్యమునే ఈ శబ్దము బోధించుటకు యోగార్థమొక్కటే చాలదు.

ఈ చిక్కునకు పరిష్కారము ముక్తావళిలోనే కలదు. శబ్దఖండమున యౌగికము, రూఢము, యోగరూఢము, యౌగికరూఢము అని పదములు నాలుగు తెరగులుగా విభజింపబడినవి. అవయవార్థము తోచుచున్నను సముదాయశక్తి లేనిదే ‘పంకజ’ శబ్దము పద్మమునకు నియతము కాజాలదని అచట విద్యార్థి నేర్చుకొనును. శబ్దము యొక్క వ్యుత్పత్తినిమిత్తము వేరు, ప్రవృత్తినిమిత్తము వేరు అని ఆలంకారికులును ఎలుగెత్తి చెప్పిరి. గోశబ్దమునకు గమనము వ్యుత్పత్తినిమిత్తమైనంత మాత్రమున పరుండిన ఆవు ఆవు కాకపోదు. కావున ‘విడువబడినది’ యనుట శబ్దము యొక్క సాధుత్వమును నిలుపు మార్గమే గాని, ఆ శబ్దమును మొదట పలికిన వారెవరో, ఎచ్చట పలికిరో తెలుపు సాక్ష్యము కాదు. ఆ పనిని శాస్త్రము తన మీద వేసికొనలేదు. వేసికొనని పనిని దానికి అంటగట్టి, ఆపైన అది ఆ పని చేయలేదని నిందించుట న్యాయము కాదు.

ఇక చరిత్ర పక్షము. ఋక్సంహితలో ముత్యమునకు వాడబడిన పదము ‘కృశనము’. మొదటి మండలమున సవితృదేవుని రథము కృశనములతో అలంకృతమైనట్లు వర్ణింపబడినది. అథర్వసంహిత నాల్గవ కాండమునందలి శంఖమణి సూక్తమునను ఈ శబ్దమే కలదు. ఈ సంహితలలో ముక్తాశబ్దము ముత్యమను అర్థమున కానరాదు. తరువాతి కాలమున కృశనము మరుగుపడి, ముక్తా మౌక్తిక శబ్దములు లోకమున నిలిచినవి. ఆ కాలపు గ్రంథములు ముత్యముల పుట్టినిండ్లను చెప్పునప్పుడు దక్షిణదిక్కునకు పెద్దపీట వేయుచున్నవి. కౌటిల్యుడు అర్థశాస్త్రమున మౌక్తిక భేదములను లెక్కించుచు తామ్రపర్ణికమును, పాండ్యకవాటకమును మొదట నిలిపెను. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఏనుగు, పాము, మేఘము, వెదురు మున్నగు వానినుండియు ముత్యములు పుట్టునని చెప్పినను, ఆకరములను చెప్పునప్పుడు సింహళమును, తామ్రపర్ణిని, పాండ్యదేశమును విడువలేదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమునకు చెందిన గ్రీకు నౌకాయాన గ్రంథము ‘పెరిప్లస్’ పాండ్యరాజ్యమున కొర్కై తీరమున శిక్ష పడిన నేరస్థులచే ముత్యముల వేట సాగించెడివారని తెలుపుచున్నది. సరకు ఎచ్చటినుండి వచ్చునో, దాని పేరును అచ్చటినుండియే వచ్చుట లోకమున సహజము.

తమిళ, మలయాళ, కన్నడములలో ముత్యమునకు ‘ముత్తు’ అని పేరు. 1961లో బరో, ఎమెనో పండితులు ప్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తికోశమున ఈ పదములు ఒక్కచోట చేర్చబడినవి. దక్షిణదేశపు ‘ముత్తు’ వర్తకులతో ఉత్తరమునకు పోయి ప్రాకృతమున ‘ముత్తా’ యైనదనియు, భుత్త శబ్దమునకు భుక్తము, జుత్త శబ్దమునకు యుక్తము మూలమైనట్లు దీనికిని ఒక మూలముండవలెనని తలచి సంస్కృతజ్ఞులు ‘ముక్తా’ యని సంస్కరించిరనియు ఈ పక్షము వారి వాదము. దీనికి ఆక్షేపము లేకపోలేదు. ‘ముక్తా’ నుండియే ‘ముత్తా’ పుట్టుట ప్రాకృత నియమమునకు సరిపోవును. అదియే దక్షిణమునకు వచ్చి ‘ముత్తు’ కారాదా? ధ్వనులను మాత్రమే చూచినచో త్రాసు ఎటును మొగ్గదు. సంహితలలోని పదము వేరగుట, ప్రసిద్ధాకరములు దక్షిణతీరమున నుండుట యను రెంటిని చేర్చి చూచినప్పుడే అది దక్షిణమునకు మొగ్గును. ఇది సంభావన, బలమైన సంభావన. నిర్ణయమని విద్యార్థికి చెప్పరాదు, నిరాధారమని త్రోసివేయనురాదు.

తెలుగు మాట విషయమున మరియొక విశేషము కలదు. ద్రావిడ పక్షమువారు తెలుగు ‘ముత్యము’ను గూడ ‘ముత్తు’తో సూటిగా ముడివేయుదురు. కాని తెలుగున నిలిచిన రూపములు ముత్తియము, ముత్తెము, ముత్యము. ‘ముత్తు’ సూటిగా వచ్చియుండినచో ఈ ‘ఇయము’ ఎచ్చటిది? మౌక్తికము ప్రాకృతమున ‘మొత్తియ’ యగును; ముత్తియము దానికి సన్నిహితము. ముత్వమునకు ఇరుగుపొరుగు భాషల ‘ముత్తు’ తోడ్పడియుండవచ్చును. కావున ముత్యము తద్భవమనుట పొరపాటు కాదు. దక్షిణమున పుట్టిన మాట ఉత్తరమునకు పోయి, ప్రాకృతమున నిలిచి, సంస్కృతమున సంస్కారము పొంది, మౌక్తికమై, మరల ప్రాకృతము మీదుగా తెలుగునకు వచ్చెనని చెప్పినచో ఇద్దరు గురువుల మాటయు నిలుచును. ఒకరు ప్రయాణము తుది మజిలీని చెప్పుచున్నారు. మరియొకరు తొలి మజిలీని చెప్పుచున్నారు. సముద్రమెరుగని హైదరాబాదునకు బస్రా ముత్యములు వచ్చి, అచట తొలువబడి, గ్రుచ్చబడి, హైదరాబాదు ముత్యములుగా ప్రసిద్ధి కెక్కినవి. ఆ పేరు అబద్ధము కాదు. బస్రా కథయు అబద్ధము కాదు.

తెలుగువారి చేతబడిన పిమ్మట ఈ మాట తన బ్రదుకు తాను బ్రదికినది. మేలిరకమునకు ఆణిముత్యమని పేరు. తమిళమునను ఆణిముత్తు కలదు. చక్కని వ్రాతను ముత్యాల కోవ యందురు. మశూచి పొక్కులను ముత్యములని పలికి, ఆ తల్లిని ముత్యాలమ్మ యని కొలిచిరి. మశూచి ప్రపంచమున నిర్మూలితమైనట్లు 1980లో ప్రకటింపబడినది. ముత్యాలమ్మ గుడులు మాత్రము ఊరూర నిలిచియున్నవి. ఈ అర్థములకు ముచ్ ధాతువుతో నిమిత్తము లేదు. వానిని నిలిపినది లోకవ్యవహారము.

అన్యభాషల పదములు సంస్కృతమున కలవని అంగీకరించినచో సంప్రదాయమునకు హాని కలుగునని కొందరు పెద్దల భయము. ఈ భయమునకు సంప్రదాయములోనే ఆధారము లేదు. పూర్వమీమాంస ప్రథమాధ్యాయ తృతీయపాదమున పికనేమాధికరణమని ప్రసిద్ధమైన అధికరణము కలదు. పిక, నేమ, సత, తామరస శబ్దములను ఉదాహరించి, ఆర్యులలో ప్రసిద్ధి లేని శబ్దములకు మ్లేచ్ఛవ్యవహారమున నున్న అర్థమునే గ్రహింపవలెనని, నిగమ నిరుక్త వ్యాకరణములచే క్రొత్త అర్థమును కల్పింపరాదని అచట సిద్ధాంతము. ఆ నాలుగు శబ్దములలో ఒక్కొక్కదాని చరిత్ర ఎట్టిదైనను న్యాయము మాత్రము స్పష్టము. కుమారిలభట్టు తంత్రవార్తికమున ఇంకొక అడుగు ముందునకు వేసెను. ద్రావిడాది భాషలలోని హలంత పదములకు అచ్చులను, ప్రత్యయములను తగిలించి సంస్కృతార్థములను లాగువారిని ఆయన ఎత్తిపొడిచెను. అన్నమునకు ద్రావిడులు ‘చోర్’ అనగా వీరు దానిని ‘చోర’ శబ్దముగా చేయుదురట. త్రోవను ‘అతర్’ అనగా, దాటశక్యము కానిది గనుక ‘అతరము’ అని సమర్థింతురట. పొరుగుననున్న ద్రావిడమునకే ఈ గతి పట్టినచో పారసీక యవనాది భాషల సంగతి యేమని ఆయన ప్రశ్న. వేదప్రామాణ్య రక్షణమునకై జీవితమును ధారవోసిన భట్టపాదుడే ఇట్లు చెప్పగా, ఆయన గ్రంథమును పాఠము చెప్పువారు ‘ముత్తు’ అను మాట వినినంతనే కలతపడ నవసరమేమి?

ఇదే న్యాయము రెండవ పక్షమునకును వర్తించును. ధ్వని కలిసినంతనే సంబంధమని ప్రకటించుట కుమారిలుడు నవ్విన దోషమే, దిక్కు మారినది అంతే. ముత్తాత, ముత్తవ అను మాటలలోని ‘ముత్త’ వృద్ధతను తెలుపునది. దానికిని ముత్తెమునకును చుట్టరికము లేదు. ఒక భాషకు గౌరవము తెచ్చుటకై మరియొక భాషను దొంగను చేయుట విమర్శ కాజాలదు.

కావున కళాశాలలలో చేయదగిన పని చిన్నదే. వ్యాకరణాధ్యాపకుడు ముక్తాశబ్దమును సాధించి చూపిన పిమ్మట, ఇది సాధుత్వమును చెప్పుటయే గాని జన్మవృత్తాంతము కాదని ఒక్కమాట చేర్చవలెను. భాషాశాస్త్రాధ్యాపకుడు ‘ముత్తు’ను చెప్పునప్పుడు ప్రతిపక్షమును గూడ చెప్పి, తెలుగు రూపమున మౌక్తికము జాడను చూపవలెను. ప్రశ్నపత్రమున వ్యుత్పత్తిని వేరుగా, చరిత్రను వేరుగా అడుగవలెను. పికనేమాధికరణమును మీమాంస విద్యార్థులకే విడువక, భాషాచరిత్ర పాఠమునకు ముందుగా అందరకును బోధింపవలెను.

ముక్తాశబ్దమునకు ముచ్ ధాతువు వ్యుత్పత్తిమార్గము. దక్షిణ సముద్రతీరము జన్మస్థానమగుటకు అవకాశమెక్కువ. ఈ రెంటిని ఒక్క పాఠముననే చెప్పగల అధ్యాపకుని ఎదుట విద్యార్థి ఒక్కొక్క పత్రమునకు ఒక్కొక్క సమాధానమును దాచుకొనవలసిన పని యుండదు.