పారదర్శక పద్దులతోనే పన్ను సేవలకు సార్థకత

పట్టణ స్థానిక సంస్థల సొంత రాబడులలో ఆస్తి పన్ను ప్రధానమైనది. పారిశుద్ధ్యం, వీధి దీపాలు, రహదారుల నిర్వహణ వంటి నిత్యావసర సేవలకు ఈ ఆదాయమే ఊతం. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంస్థలను స్వపరిపాలనా సంస్థలుగా గుర్తించింది. పన్ను విధించే అధికారం ఉన్న సంస్థకు ఆ సొమ్ముకు లెక్క చెప్పవలసిన బాధ్యత కూడా ఉంటుంది.

సులభతరమైన చెల్లింపులు

2001లో హైదరాబాదులో ప్రారంభమైన ఈ-సేవా కేంద్రాలు విద్యుత్, నీటి బిల్లులతో పాటు ఆస్తి పన్నును కూడా ఒకేచోట చెల్లించే వెసులుబాటు కల్పించాయి. అనంతరం ఆన్‌లైన్ చెల్లింపులు అందుబాటులోకి వచ్చాయి. అయితే రసీదు వెంటనే చేతికందడం సేవలో ఒక భాగం మాత్రమే. పన్నును ఏ ప్రాతిపదికన మదింపు చేశారు, పేరు మార్పిడికి ఎన్ని రోజులు పడుతుంది, అభ్యంతరంపై ఏ నిర్ణయం తీసుకున్నారు అన్న ప్రశ్నలకు సకాలంలో సమాధానం లభించినప్పుడే సేవ సంపూర్ణమవుతుంది.

మదింపు విధానంలో మార్పు

ఆంధ్రప్రదేశ్‌లో వార్షిక అద్దె విలువకు బదులు మూలధన విలువ ఆధారంగా పన్ను విధించేందుకు 2020లో చట్టాన్ని సవరించారు. 2021–22 నుంచి ఈ విధానం అమలులోకి వచ్చింది. ఏటా పెంపుదల అంతకుముందు సంవత్సరపు పన్నులో 15 శాతానికి మించరాదని పరిమితి విధించారు. అయినప్పటికీ ఏటా గరిష్ఠ స్థాయిలో పెరిగితే వెయ్యి రూపాయల పన్ను ఐదేళ్లలో రెండు వేలు దాటుతుంది. పన్ను పెరిగిన మేరకు సేవలు మెరుగుపడ్డాయా అని గృహ యజమాని ప్రశ్నించడం సహజం. దీనికి తగిన సమాధానం బడ్జెట్ పద్దులలోనే లభించాలి.

ప్రజల ముందు పద్దులు

ప్రతి విభాగానికి కేటాయించిన బడ్జెట్, ప్రతిపాదిత వ్యయం, జరిపిన చెల్లింపుల వివరాలను ఎవరూ అడగకముందే ప్రకటించాలని సమాచార హక్కు చట్టం–2005లోని 4వ సెక్షన్ నిర్దేశిస్తోంది. 2021–26 కాలానికి పదిహేనవ ఆర్థిక సంఘం సైతం స్థానిక సంస్థల నిధులకు ఆన్‌లైన్‌లో వార్షిక లెక్కల ప్రకటనను షరతుగా విధించింది. పురపాలక సంస్థలకు ఆస్తి పన్ను కనీస రేట్ల నోటిఫికేషన్, వసూళ్లలో మెరుగుదల కూడా అర్హతలుగా నిలిచాయి. అంటే లెక్కల ప్రకటనలో జాప్యం జరిగితే సకాలంలో పన్ను చెల్లించిన పౌరుడు కూడా నష్టపోతాడు.

వార్డుల వారీగా పన్ను డిమాండ్, వసూలు, బకాయి, చేపట్టిన పనుల వ్యయం ఒకే పట్టికలో, సరళమైన తెలుగులో ప్రకటించడం కష్టసాధ్యమేమీ కాదు. పన్ను చెల్లించడం ఎంత సులభమైందో, ఆ సొమ్ము ఎటు వెళ్లిందో తెలుసుకోవడం కూడా అంతే సులభం కావాలి. అప్పుడే పౌరులు పన్నును భారంగా కాక, తమ పట్టణ ప్రగతిలో భాగస్వామ్యంగా భావించగలుగుతారు.