పిట్టల పేర్లు ఎవరికి తెలుసు?

వసంత ఋతువు మీద వ్యాసం రాయమంటే కోకిలతో మొదలుపెట్టడం మనకు ఆరో తరగతి నుంచీ అలవాటు. "వసంతం రాగానే కోకిల వచ్చి మావిచిగుళ్ళు తిని తీయగా పాడుతుంది" అని రాస్తే పదికి ఏడు మార్కులు ఖాయం. కానీ కోకిల ఎక్కడినుంచో రాదు. ఏడాది పొడుగునా మన ఊళ్ళోనే ఉంటుంది. చలికాలంలో పెద్దగా కూయదు కాబట్టి లేదనుకుంటాం. అది ఎక్కువగా తినేది రావి, మర్రి, వేప వంటి చెట్ల పండ్లు. మనం వినే ఆ 'కుహూ' మగదానిది. అది నల్లగా, ఎర్రటి కళ్ళతో ఉంటుంది. ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఉంటుంది, దాన్ని చూసి ఇంకేదో పిట్ట అనుకునేవాళ్ళే ఎక్కువ. పశువుల వెంట తిరిగి వచ్చిన మన హాస్టల్ తమ్ముళ్ళలో చాలామందికి ఇవి తెలియని సంగతులు కావు. తెలిసినా పరీక్షలో రాయరు. పుస్తకంలో ఉన్నదే చదువు, కంటితో చూసింది చదువు కాదు అన్న మాట మనలో అంతగా నాటుకుపోయింది. మా అభ్యంతరమంతా దానిమీదే.

పక్షుల్ని చూడటమంటే డబ్బున్నవాళ్ళ సరదా అని మరో అపోహ ఉంది. మెడలో బైనాక్యులర్, చేతిలో మూరెడు లెన్సు కెమెరా ఉండాలట. మన అమ్మానాన్నలు పిట్టల్ని చూసింది జొన్న చేలో మంచె మీద నిలబడి, చేత ఒడిసెల పట్టుకొని. కంకి పాలు పట్టే వేళకు గుంపులు గుంపులుగా దిగే గులాబీ గోరింకల్ని తోలినవాళ్ళు వాళ్ళు. ఆ గోరింకలు మధ్య ఆసియా నుంచి వచ్చి చలికాలమంతా మన దగ్గర గడుపుతాయి. ఫాల్గుణంలో మోదుగు, బూరుగు పూలమీద వాలి తేనె తాగుతాయి. ఎండలు ముదిరేసరికి వెళ్ళిపోతాయి. మధ్య ఆసియా మాట మన పెద్దలకు ఎవరూ చెప్పలేదు. అవి ఎప్పుడు దిగుతాయో, ఎప్పుడు మాయమవుతాయో మాత్రం వాళ్ళకు బాగా తెలుసు.

మార్చి, ఏప్రిల్ నెలలు మనకు పరీక్షల కాలం. గదుల్లో ఉక్కకు తట్టుకోలేక పుస్తకాలు పట్టుకొని చెట్ల కిందకు చేరతాం. పిట్టలకు అదే జతకట్టే కాలం. పుస్తకం మీదనుంచి తల ఎత్తితే చాలు. కరెంటు తీగ మీద మసకగా, మట్టిరంగులో కూర్చున్న పాలపిట్ట ఉన్నట్టుండి నిట్టనిలువునా పైకి లేచి, గొంతు చించుకొని అరుస్తూ పల్టీలు కొడుతూ కిందికి దూకుతుంది. అప్పుడు ఆ రెక్కల నీలం చూడాలి! 2014లో తెలంగాణ రాష్ట్ర పక్షిగా ప్రకటించింది దీన్నే. దసరా నాడు దీన్ని చూస్తే శుభమంటారు. ఆ ఒక్కరోజు దర్శనం కోసం వల వేసి పట్టి, పంజరంలో పెట్టి ఇంటింటికీ తిప్పేవాళ్ళున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. వసంతంలో ఆకాశంలో ఉచితంగా ఆడే ఆటను చూసేవాడు లేడు, పంజరంలో బిక్కచచ్చి కూర్చున్నదానికి దండాలు!

తీతువుదీ ఇదే గతి. రాత్రి అరిస్తే చావు కబురంటారు. అది ఈ కాలంలో బీడు నేలమీదే, గులకరాళ్ళ మధ్య నాలుగు గుడ్లు పెడుతుంది. గుడ్లు కూడా రాళ్ళలాగే ఉంటాయి. కుక్కో మనిషో అటు వస్తే భయపడి అరుస్తుంది. బిడ్డల కోసం అరిచే తల్లికి మనం అపశకునమని పేరు పెట్టాం.

పేర్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాం. తోక చివర చీలి ఉండే నల్లపిట్టను ఏట్రింత అంటారు. దానికే పసుల పోలిగాడు అని ఇంకో పేరు. పశువుల వీపుమీద కూర్చొని, గిట్టల అదురుకు గడ్డిలోంచి లేచే పురుగుల్ని పట్టి తింటుంది. దాని బతుకంతా ఆ పేరులోనే ఉంది. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ 1862-64 మధ్య వేసిన పక్షుల పుస్తకంలో ఇలాంటి తెలుగు పేర్లు చాలా ఎక్కించాడు. ఆయనకు వాటిని చెప్పినవాళ్ళు పిట్టలు పట్టేవాళ్ళు, పశువుల కాపరులే అయ్యుంటారు.

కలివికోడి కథ ఇంకా గట్టి సాక్ష్యం. ఇంగ్లీషులో దానికి జెర్డన్ పేరే ఉంది. 1900 తర్వాత కనబడకపోయేసరికి అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ దొరికింది. పట్టి చూపించింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. శాస్త్రవేత్తలు లేదనుకున్న పిట్టకు ఆ చుట్టుపక్కల కలివి పొదలున్న ఊళ్ళలో పేరు నిలిచే ఉంది. ఐతన్న పేరు మనలో ఎంతమంది విన్నాం?

"మెస్ చార్జీలు చాలక నీళ్ళ చారు తాగుతుంటే మీకు పిట్టల గోలా?" అని ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. మెస్ చార్జీల గురించి అడగడం ఎవరూ మానవద్దు. కానీ కడుపు నిండినవాళ్ళకే చెట్టూ పిట్టా అని మనమే ఒప్పుకుంటే, మన ఇళ్ళల్లో ఉన్న ఈ తెలివిని మనమే పరాయి చేసుకున్నట్టు.

హాస్టల్ పెద్దలకు ఒక విన్నపం. వేసవిలో మరమ్మతుల పేరుతో ముందు వేటు పడేది తొర్రలున్న ముసలి చెట్టు మీదే. చిలకలు, పాలపిట్టలు, గోరింకలు గుడ్లు పెట్టేది ఆ తొర్రల్లోనే. రేకు మీద చిన్న సుత్తితో కొట్టినట్టు 'టుక్ టుక్' మనే కంసాలి పిట్ట ఎండుకొమ్మకే బొక్క చేసుకుంటుంది. పిల్లలు నడిచే దారి మీద విరిగి పడేలా ఉన్న కొమ్మను కొట్టాల్సిందే, కాదనం. మిగిలినవి దసరా సెలవుల దాకా ఆపండి. అప్పటికి గూళ్ళు ఖాళీ అవుతాయి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, వేసవి సెలవులకు ఇంటికి వెళ్ళేటప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకెళ్ళండి. కనిపించిన పిట్ట, తేదీ, చోటు, అది చేస్తున్న పని రాయండి. తర్వాత ఇంట్లో ముసలివాళ్ళను దాని పేరు అడగండి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు కాలేజీ ఆవరణల్లో పక్షుల్ని లెక్కించే కార్యక్రమం దేశమంతా జరుగుతుంది, అందులో మన హాస్టళ్ళు కూడా చేరవచ్చు. ఒక్కటే షరతు. పేరును పుస్తక భాషలోకి దిద్దకండి. అవ్వ ఎలా పలికితే అలాగే రాయండి, పక్కన ఊరి పేరు వేయండి.