ముక్క వేసి తీసిన గద్ద ఫొటో



మా ఆపా కొడుక్కి గద్దలంటే షౌక్. ఆనందపురంలో జనం పూల మార్కెట్‌కు పోయే వేళ, వీడు ఫజర్ చదివి కెమెరాతో చెరువు గట్టుకు పోతాడు. నల్ల గద్ద, తెల్ల తల ఎర్ర రెక్కల గరుడ పక్షి, చిన్న షిక్రా, ఏది కనిపించినా వదలడు. కానీ నెలంతా తిరిగినా ఫొటోల్లో నల్ల మచ్చలే.

తప్పంతా వాడిది కాదు. పొద్దున వెలుతురు మెత్తగా ఉన్నప్పుడు గద్ద ఎక్కువగా చెట్టు మీదే ఉంటుంది. నేల వేడెక్కి గాలి పైకి లేచాకే రెక్కలు చాపి చుట్లు తిరుగుతుంది. అప్పటికి ఎండ నెత్తికెక్కి రెక్కల కింద నీడ పడుతుంది. వెనకున్న తెల్లటి ఆకాశాన్ని చూసి కెమెరా ధోకా తిని, పక్షిని నల్లగా చేసేస్తుంది.

మొన్న ఇత్వార్ నాడు మురిసిపోతూ వచ్చాడు. "మామూ, చూడండి!" కన్ను, గోళ్లు, ఈకలు అన్నీ సాఫ్‌గా ఉన్నాయి.

"ఎలా తీశావు బేటా?"

"చికెన్ షాపు వేస్ట్ హైవే పక్కన వేశాను. అవే కిందికొచ్చాయి."

నాకు ఖుషీ కలగలేదు. ముక్క మీదే చూపున్న గద్దకు లారీ ఎక్కడ కనబడుతుంది? ముఖం మీదికొచ్చిన గద్దను చూసి బైకు మీదున్నవాడు తడబడితే? విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్లలో పక్షుల్ని రప్పించే మాంసం చెత్త పారేయకూడదని 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లోనే ఉంది. ఆనందపురం ఆ హద్దులో లేదు. కానీ ఆ రూల్ వెనకున్న అఖల్ హైవేకూ వర్తిస్తుంది.

"పక్షికి పెడితే సవాబే కదా" అంటారు కొందరు. భాయీ, నియ్యత్ చూసుకోండి. మనం పెట్టింది గద్ద ఆకలికా, మన ఫొటోకా? సదఖా చేసేవాడు కెమెరా సరిచూసుకుని ముక్క విసరడు. సూరె ముల్క్‌లో ఎగిరే పక్షుల జిక్ర్ ఉంది. అక్కడ మనకున్న పని చూడటం, ఆలోచించటం.

వెలుతురు ముష్కిల్‌కు ఇలాజ్ ఉంది. ఆకాశం తెల్లగా ఉంటే ఎక్స్‌పోజర్ ఒక మెట్టు పెంచండి. షట్టర్ 1/1600 కన్నా తగ్గనివ్వకండి. దానికోసం ఐఎస్ఓ పెరిగి ఫొటోలో కాస్త గరుకు వచ్చినా పర్వాలేదు. అసర్ తర్వాత సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని నిలబడండి. గూటికి మళ్లే గద్దల రెక్కల కింద అప్పుడు వెలుగు పడుతుంది. గూళ్ల దగ్గరికి మాత్రం పోకండి.

ఇంత చేసినా ఒక్కోరోజు నల్ల మచ్చే వస్తుంది. రానివ్వండి. ఆ మచ్చలో మన సబర్ ఉంది. పిల్లలకు కెమెరా కొనిచ్చే అమ్మీ అబ్బాలు దానితోపాటు ఈ మాట కూడా చెప్పండి.

మావాడు ఆ ఫొటో ఎవరికీ పంపలేదు. నిన్న అసర్ చదివి మళ్లీ గట్టుకు పోయాడు, చేతిలో కవరు లేకుండా.