వెర్మాంట్ ఎరుపు, కెమెరా తొందర

అమెరికా ఈశాన్యాన న్యూ ఇంగ్లండ్ అని పిలిచే ఆరు రాష్ట్రాలలో సెప్టెంబరు మూడో వారం నుంచి అక్టోబరు చివరి దాకా సాగే ఆకుల రంగుమార్పును ఫొటో తీయడానికి ఏటా లక్షలాది మంది వెళతారు. న్యూజెర్సీ, మసాచుసెట్స్‌ల నుంచి కార్లలో బయలుదేరే తెలుగు కుటుంబాలు కూడా ఆ వరుసలో ఉంటాయి. ఇంతమంది తెచ్చే చిత్రాలు ఒకే కొండవాలులో, ఒకే నడిపగటి ఎండలో తీసి, ఆపైన ఎరుపును మరింత చిక్కబరచినట్టు కనిపించడానికి మూలం, శరత్తును చెట్టులో జరుగుతున్న మార్పుగా కాక సిద్ధంగా ఉన్న రంగుగా చూసే అలవాటులో ఉంది.

పగటిపొద్దు తగ్గి రాత్రులు చల్లబడుతుండగా, ఎండ శక్తితో ఆహారం తయారుచేసే ఆకుపచ్చ పదార్థమైన పత్రహరితం విచ్ఛిన్నమవుతుంది, చెట్టు ఆకులలోని పోషకాలను కొమ్మలలోకి వెనక్కి లాక్కుంటుంది. అప్పటిదాకా ఆ పచ్చదనం మాటున ఉన్న కెరోటినాయిడ్లు, అంటే పసుపు, నారింజ వర్ణకాలు బయటపడతాయి. బర్చ్, ఆస్పెన్ చెట్ల బంగారు వన్నె ఇదే. ఎరుపు సంగతి వేరు. ఆంథోసయనిన్లనే ఎర్ర వర్ణకాలు చాలావరకు ఆ రోజులలోనే కొత్తగా పుడతాయి, ఆకులో నిలిచిపోయిన చక్కెర, ఎండ కాసే పగళ్లు, మంచు గడ్డకట్టనంత చలి ఉన్న రాత్రులు వాటికి అనుకూలం. కనుకనే ఒకే మేపుల్ చెట్టుకు ఎండ తగిలిన పైకొమ్మలు ఎర్రబారినా, నీడనున్న కింది కొమ్మలు పసుపుగానే మిగలవచ్చు. ఈ తేడాను నిలుపుకున్న ఫొటోను చూస్తే అది శరత్తు ఏ దశలో తీసినదో కొంతవరకు ఊహించవచ్చు. కంప్యూటరులో రంగును పెంచేసిన ఫొటో ఆ ఆనవాలును చెరిపేస్తుంది.

పరికరాల వాడకం కూడా ఆ సహజమైన తేడాను కాపాడేలా సాగవలసిందే. ఆకుల మీది మైనపు పూత ఆకాశపు వెలుగును తెల్లని మెరుపుగా తిప్పికొడుతుంది కాబట్టి, ఒక దిశలో కంపించే కాంతిని మాత్రమే లోనికి వదిలే పోలరైజింగ్ ఫిల్టరును లెన్సు ముందు తగినంత తిప్పితే ఆ మెరుపు తగ్గి ఆకు సొంత రంగు కనిపిస్తుంది. వాన వెలిసిన మబ్బు పగలు దీని ఉపయోగం మరీ ఎక్కువ. కాంతి రంగును బట్టి తెలుపును తెలుపుగా చూపే వైట్ బ్యాలెన్స్‌ను కెమెరాకే వదిలేస్తే, పసుపు నిండిన దృశ్యాన్ని అది పొరపాటుగా భావించి చల్లబరచే అవకాశం ఉంది. దానిని పగటి వెలుగుకు స్థిరపరచడం మేలు. ఎండలోని ఎర్రాకుల విషయంలో మొత్తం వెలుతురు సరిగానే ఉన్నా, ఎరుపు ఒక్కటే కెమెరా పరిమితి దాటి ఈనెలు కనబడని ముద్దగా మారవచ్చు.

వైద్యవిద్య చదివి, హార్వర్డ్‌లో పరిశోధన వదిలి ఫొటోగ్రఫీకి వచ్చిన ఎలియట్ పోర్టర్ (1901–1990) న్యూ ఇంగ్లండ్ అడవులను తరచు ఆకాశం లేకుండా, మెత్తని వెలుతురులో, దగ్గరనుంచి తీశాడు. ప్రకృతి పరిరక్షణ సంస్థ సియెరా క్లబ్ 1962లో అచ్చువేసిన ఆయన పుస్తకం రంగుల ప్రకృతి ఛాయాచిత్రణకు గౌరవం తెచ్చింది. ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ అయితే అంతకుముందే, 1958లో, న్యూమెక్సికోలోని పసుపు ఆస్పెన్లను నలుపు తెలుపులలోనే తీశాడు. రంగే లేని ఆ చిత్రంలోనూ శరత్తు ఉందంటే, రంగుల మోతాదు పెంచే నేటి ఉబలాటాన్ని కొంచెం అనుమానించక తప్పదు.

అలాంటి రంగుల ఫొటోల కోసం ఎగబడే ఈ ఉబలాటానికి మూల్యం స్థానికులు చెల్లిస్తున్నారు. న్యూ ఇంగ్లండ్ రాష్ట్రమైన వెర్మాంట్‌లోని పామ్‌ఫ్రెట్ అనే చిన్న ఊరిలో ఒక ప్రైవేటు వ్యవసాయ క్షేత్రం సామాజిక మాధ్యమాలలో ప్రసిద్ధికెక్కడంతో, ఇరుకు మట్టిరోడ్డు మీద కార్లు నిలిచిపోవడం, పరాయి ఆవరణలోకి జనం చొరబడడం మితిమీరాయి. చివరికి 2023 సెప్టెంబరు 23 నుంచి అక్టోబరు 15 వరకు ఆ దారిని బయటివారికి మూసేశారు. ప్రకృతి అందరిదీ అనే వాదన ఇక్కడ నిలవదు, ఎందుకంటే ఆ ఫొటోలలో కనిపించే ఇల్లు, కంచె, గేటు ఒకరి సొంతం.

అక్టోబరు రెండో సోమవారపు సెలవుతో కలిసివచ్చే రద్దీని తప్పించుకోదలచినవారికి టామరాక్ చెట్టు ఉంది. సూదులవంటి ఆకులున్నా పైన్‌లా ఏడాదంతా పచ్చగా ఉండక, అది మేపుళ్లు మోడువారాక, అక్టోబరు చివర, ఉత్తరాది చిత్తడినేలలలో బంగారు రంగుకు తిరిగి ఆకు రాలుస్తుంది. ఆ వేళకు రోడ్లూ, బసలూ చాలావరకు ఖాళీ అవుతాయి.