త్రాటికి ఆవలి కొస

1984 ఏప్రిల్ 13వ తేదీన మన సైనికులు సియాచిన్ హిమానీనదమునకు పడమట నున్న సాల్టోరో పర్వతశ్రేణి కనుమలను వశపరచుకొన్ననాటినుండి ఆ తెల్లని యెడారిలో మనవారి కావలి తప్పలేదు. 2003 నవంబరులో భారత్, పాకిస్తాన్ ఇరుపక్షములును కాల్పులు విరమించినవి గాని, సిపాయి వీపుమీది బరువు మాత్రము దిగలేదు.

పదునెనిమిదివేల అడుగుల యెత్తున గాలి యొత్తిడి సముద్రతీరమున నున్నదానిలో ఇంచుమించు సగమునకు పడిపోవును. వట్టిచేతులతో నడచుటయే ఆయాసమైన ఆ చోట, పొరలుపొరలుగా తొడిగిన దుస్తులతో, బరువైన బూట్లతో, తుపాకియు మంచుగొడ్డలియు సామానుమూటయు మోయుచు ఎక్కువాడు నాలుగడుగులకొకసారి నిలిచి ఊపిరి కూడదీసికొనవలసినదే. చేదొడుగు తీసి ఇనుమును తాకినచో చర్మ మంటుకొనిపోవును. ఆకలి చచ్చును, నిద్ర రాదు, జ్ఞాపకము మందగించును.

మంచు నెఱ్ఱెలో ఒకడు జారిపడినచో తక్కినవారు నిలుపుకొనుటకై అందఱును ఒకే త్రాటికి కట్టుకొని నడతురు. అనగా ప్రతివాడును తన మూటతోపాటు ముందువాని ప్రాణమును, వెనుకవాని ప్రాణమును గూడ మోయుచున్నాడన్నమాట. కొండ దిగిన పిదప ఆ త్రాడు నడుమునుండి విడివడును గాని మనస్సునుండి విడివడదని నా నమ్మకము. ఆవలి కొసనున్నవానిని పోగొట్టుకొని వచ్చినవానికి మఱియు విడివడదు. పైకి బయలుదేరుముందు సిపాయీలు, తమను కాచు సైనికుని యాత్మగా తాము నమ్ము ఓ.పి. బాబా మందిరమున నిలిచి, పైయధికారికి వలెనే తమ ప్రయాణమును విన్నవించుకొందురు. దీనిని మూఢవిశ్వాసమని త్రోసిపుచ్చుటకు నాకు నోరు రాదు. తోడివానితో చెప్పుకొనలేని భయమును దించుకొనుటకు మనుష్యునకు ఒక గుమ్మము కావలెను గదా.

2016 ఫిబ్రవరిలో సోనమ్ స్థావరముపై మంచుచరియ విఱిగిపడి మద్రాసు రెజిమెంటు 19వ బెటాలియనుకు చెందిన పదిమంది అసువులు బాసిరి. వారిలో ఒకరు మన అప్పటి కర్నూలు జిల్లావారు. శత్రువు గుండు ఒక్కటియు పేలలేదు.

అంతకు బహుపూర్వము, 1984 మే నెలలో, సియాచిన్‌లోనే మంచుచరియ క్రింద చిక్కిన కుమావూ రెజిమెంటు లాన్స్ నాయక్ చంద్రశేఖర్ హర్బోలా దేహావశేషములు 2022 ఆగస్టులో గాని బయటపడలేదు. ఆ యవశేషములను గుర్తుపట్టుటకు తోడ్పడినది ఆయన సైనికసంఖ్య చెక్కిన లోహపు బిళ్ళ. హల్ద్వానీలో ఆయన భార్య ముప్పదియెనిమిదేండ్లు నిరీక్షించినది.

మీ యూరిలో సైన్యమునుండి తిరిగివచ్చి, పదిమందిలో నుండియు మాటాడక కూర్చుండు పెద్దమనిషి యున్నచో, యుద్ధకథలు చెప్పుమని ఆయనను వేధింపకుడు. కొంతసేపు ఆయన ప్రక్కన కూర్చుండుడు. చెప్పదలచినపుడు ఆయనయే చెప్పును.