ఆసుపత్రి పరికరాలు: రిపేర్ చేశారు సరే.. అసలు ఎందుకు పాడైందో రాశారా?

"మిషన్ పనిచేయట్లేదు.. బయట చేయించుకుని రండి." సర్కారు దవాఖానా మెట్లెక్కిన చాలామందికి ఈ మాట కొత్త కాదు. ఎక్స్‌రే కావచ్చు, స్కానింగ్ కావచ్చు, రక్తపరీక్ష చేసే అనలైజర్ కావచ్చు. ఆ రోజు పేషెంట్ జేబుకు చిల్లు పడుతుంది. కొన్ని రోజులకు టెక్నీషియన్ వస్తాడు, పార్ట్ మారుస్తాడు, సంతకం పెట్టించుకుని వెళ్లిపోతాడు. కంప్లైంట్ క్లోజ్! కానీ ఆ మిషన్ ఎందుకు పాడైంది? దీనికి జవాబు రాసి పెట్టుకోకపోతే అదే మిషన్ అదే కారణంతో మళ్లీ ఆగుతుంది. ఆ జవాబు వెతికే పనినే ఫెయిల్యూర్ అనాలిసిస్ అంటారు.

దేశవ్యాప్తంగా లెక్క ఇదీ..

ప్రభుత్వాసుపత్రుల్లోని పరికరాల నిర్వహణ కోసం కేంద్రం 2015లో జాతీయ ఆరోగ్య మిషన్ కింద బయోమెడికల్ ఎక్విప్‌మెంట్ మెయింటెనెన్స్ ప్రోగ్రామ్ తెచ్చింది. ఆ సందర్భంగా 29 రాష్ట్రాల్లో పరికరాలను లెక్కపెట్టారు. 29,115 ఆరోగ్య కేంద్రాల్లో 7,56,750 పరికరాలు ఉన్నాయని తేలింది. వాటి విలువ సుమారు రూ.4,564 కోట్లు. అందులో పనిచేయనివి రాష్ట్రాన్ని బట్టి 13 నుంచి 34 శాతం! అంటే కొన్నిచోట్ల ప్రతి మూడు పరికరాల్లో ఒకటి మూలన పడి ఉందన్నమాట.

అందుకే నిర్వహణను ప్రైవేట్ ఏజెన్సీలకు అప్పగించే పద్ధతి వచ్చింది. దీన్ని మొదట్లోనే అమలు చేసిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇక్కడ కీలకమైన కొలమానం 'అప్‌టైమ్', అంటే పరికరం పనిచేసే స్థితిలో ఉన్న సమయం. జిల్లా ఆసుపత్రుల్లో 95 శాతం, సీహెచ్‌సీల్లో 90 శాతం, పీహెచ్‌సీల్లో 80 శాతం ఉండాలన్నది టార్గెట్.

95 శాతం అంటే ఎన్ని రోజులు?

వినడానికి బాగానే ఉంది కదా.. ఇప్పుడు రోజుల్లోకి మార్చి చూద్దాం. 95 శాతం అంటే ఏడాదిలో 18 రోజులు మిషన్ ఆగినా టార్గెట్ అందుకున్నట్టే. 80 శాతం అయితే ఏకంగా 73 రోజులు! పైగా ఆ 18 రోజులు ఒకేసారి ఆగిందా, నెలకోసారి ఆగుతూ వచ్చిందా అన్నది ఈ ఒక్క అంకె చెప్పదు. నెలనెలా ఒకే పార్ట్ పోతూ, నెలనెలా మారుస్తూ ఉన్నా రిపోర్టులో అంతా పచ్చగానే కనిపిస్తుంది. ఎంత త్వరగా బాగుచేశారన్నది అప్‌టైమ్ కొలుస్తుంది. మళ్లీ పాడవకుండా ఏం చేశారన్నది కొలవదు.

2,849 రిపేర్ల వెనుక అసలు కథ

మరి పరికరాలు ఎందుకు పాడవుతున్నాయి? అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీకి చెందిన రాబర్ట్ మాల్కిన్ 2010లో సహ పరిశోధకురాలితో కలిసి ఒక అధ్యయనం ప్రచురించారు. వనరులు తక్కువగా ఉన్న 11 దేశాల్లోని 60 ఆసుపత్రుల నుంచి వచ్చిన 2,849 రిపేర్ రిక్వెస్టులను పరిశీలించారు. పనిచేయని వాటిలో 72 శాతం పరికరాలు విదేశాల నుంచి స్పేర్ పార్టులు తెప్పించకుండానే మళ్లీ పనిలోకి వచ్చాయి.

కారణాలు ఇంకా ఆసక్తికరం. బాగుచేసిన వాటిలో 25 శాతం కేసుల్లో సమస్య ఇన్‌స్టలేషన్‌లోనో, వాడేవాళ్ల ట్రైనింగ్‌లోనో ఉంది. 19 శాతం ప్లంబింగ్ పనులే. 14 శాతం పవర్ సప్లైకి సంబంధించినవి. మిగతావి మామూలు ఎలక్ట్రికల్, మెకానికల్, మోటార్ పనులు. అంటే పావు వంతు కేసుల్లో కావాల్సింది స్పేర్ పార్ట్ కాదు, సరిగ్గా బిగించడం.. వాడటం నేర్పించడం.

మన దగ్గరా ఇలాంటి అనుభవం ఉంది. కొవిడ్ సెకండ్ వేవ్‌లో కొన్ని రాష్ట్రాల్లో వెంటిలేటర్లు వాడకుండా పడి ఉన్నాయన్న వార్తలు వచ్చాయి. దాంతో 2021 మే 15న ప్రధాని మోదీ వాటి ఇన్‌స్టలేషన్, పనితీరుపై వెంటనే ఆడిట్ చేయాలని ఆదేశించారు. అవసరమైతే సిబ్బందికి మళ్లీ ట్రైనింగ్ ఇవ్వాలని కూడా చెప్పారు.

ఫెయిల్యూర్ అనాలిసిస్ ఎలా చేస్తారు?

ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. వార్డులో ఒక సిరంజి పంప్ ఆన్ కావట్లేదని అనుకుందాం. ఎందుకు? బ్యాటరీ పోయింది. ఎందుకు పోయింది? ఛార్జింగ్‌లో పెట్టలేదు. ఎందుకు పెట్టలేదు? బెడ్ దగ్గర ప్లగ్ పాయింట్లు చాలట్లేదు. బ్యాటరీ మారిస్తే కొన్ని నెలల్లో కథ మొదటికి వస్తుంది. అదే ప్లగ్ పాయింట్ పెట్టిస్తే సమస్య తీరిపోతుంది.

దీన్నే పద్ధతిగా చేయాలంటే ప్రతి రిపేర్‌కు ఒక కారణం కోడ్ వేయాలి. పార్ట్ అరిగిందా, కరెంట్ హెచ్చుతగ్గులా, బ్యాటరీయా, కేబుల్ లాంటి యాక్సెసరీయా, వాడకంలో పొరపాటా, గత రిపేర్‌లోనే లోపమా, లేక చెక్ చేస్తే ఏ లోపమూ కనిపించలేదా.. ఇలా ఏడాది పాటు నమోదు చేస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో ఆ జాబితానే చెబుతుంది. ఎక్స్‌రే మిషన్లకు కరెంట్ సమస్యే ఎక్కువని తేలితే కావాల్సింది స్టెబిలైజర్, కొత్త మిషన్ కాదు.

ఇంకో పద్ధతి ఎఫ్ఎంఈఏ. ఇది పాడవకముందే వేసే లెక్క. ఒక లోపం వస్తే ఎంత ప్రమాదం, ఎంత తరచుగా వస్తుంది, ముందే కనిపెట్టడం ఎంత కష్టం.. ఈ మూడింటికీ 1 నుంచి 10 వరకు మార్కులు వేసి గుణిస్తారు. పసిబిడ్డలను ఉంచే వార్మర్‌కు చక్రం ఊడితే అందరికీ కనిపిస్తుంది. అదే టెంపరేచర్ సెన్సార్ తప్పు చూపిస్తే ఎవరికీ తెలియదు, బిడ్డ ప్రాణానికే ముప్పు. ముందు దేన్ని చెక్ చేయాలో ఈ లెక్క తేల్చేస్తుంది.

డయాలసిస్ సంగతీ అంతే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి చోట్ల వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ జరగకపోతే కిడ్నీ బాధితుల ప్రాణానికే ప్రమాదం. మిషన్లన్నీ బాగున్నా నీటిని శుద్ధి చేసే ఆర్వో ప్లాంట్ ఆగితే అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. మిషన్ల అప్‌టైమ్ ఒక్కటే చూస్తే ఈ బలహీనత కనిపించదు.

అసలు అడ్డంకి భయమే

'వాడకంలో పొరపాటు' అన్న కోడ్ ఉంటే ఏమవుతుంది? తప్పు తమ మీద పడుతుందని నర్సులు, టెక్నీషియన్లు భయపడతారు. "దానంతట అదే ఆగిపోయింది" అని రాసేస్తారు. దాంతో డేటా మొత్తం పనికిరాకుండా పోతుంది. ఒకే పొరపాటు పది ఆసుపత్రుల్లో జరుగుతుంటే అది మనుషుల తప్పు కంటే ట్రైనింగ్ లోపమో, డిజైన్ లోపమో అయ్యే అవకాశమే ఎక్కువ. శిక్ష ఉండదన్న భరోసా ఇస్తేనే నిజాలు బయటికొస్తాయి. పరికరాల వల్ల పేషెంట్లకు హాని జరిగితే రిపోర్ట్ చేయడానికి 2015 నుంచే మెటీరియోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఉంది. హాని జరిగాక చెప్పడం ఒక ఎత్తు, జరగకముందే పసిగట్టడం ఇంకో ఎత్తు.

అన్ని ఫెయిల్యూర్లనూ ఆపలేం. కొన్ని పార్టులు చెప్పాపెట్టకుండా పోతాయి, కొన్ని మిషన్ల వయసే అయిపోతుంది. అయితే ఏది రిపేర్ చేయాలి, ఏది పక్కన పెట్టాలి అన్నది తేల్చడానికీ ఈ రికార్డే ఆధారం. ఏపీలో ఏపీఎంఎస్ఐడీసీ, తెలంగాణలో టీజీఎంఎస్ఐడీసీ కొత్త పరికరాలు కొనేటప్పుడూ ఇది చేతిలో ఉంటే ఏ మోడల్ నిలబడిందో, ఏది మొరాయించిందో తెలుస్తుంది.

దీనికి కోట్లు అక్కర్లేదు. జాబ్ కార్డులో కారణం కోసం ఒక గడి, అది నింపితేనే కంప్లైంట్ క్లోజ్ చేయాలన్న రూల్, మూడు నెలలకోసారి ఆ కారణాల మీద రివ్యూ.. ఇవి చాలు. మెయింటెనెన్స్ టెండర్లు మళ్లీ పిలిచేటప్పుడు అప్‌టైమ్ పక్కన ఈ నిబంధన కూడా చేరుస్తారా.. చూడాలి.